ఎవరి బలవంతమూ లేకుండా

ఫిబ్రవరి 6

లాయరు ఇంటికి వచ్చాడు. లాయరు ఇంటికి రావడం మంచికో చెడ్డకో తెలియక, కుర్చీ మీద గుట్టగా పడి ఉన్న ప్యాంట్లు ఎత్తి కట్టింగు బల్ల మీద పడేసి కూర్చోమన్నాను. మనిషి సన్నగా ఉంటాడు, కోటు మాత్రం వాళ్ళ అన్నయ్యది వేసుకున్నట్టు ఉంటుంది. భుజాల దగ్గర కాస్త లోపలికి తీస్తే సరిపోతుంది. చెప్పలేదు.

మాట్లాడాల్సింది కోడలితో. ఆ పిల్ల ఎదురుగానే కూర్చుని ఉంది. ఆయన మాత్రం నా మొహం చూస్తూ మాట్లాడాడు. ఏ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో వీళ్ళకి గుమ్మంలోనే తెలిసిపోతుంది కాబోలు.

సంగతి ఇది. కోడలు నర్సుగా చేసే వార్డులో పెద్దాయన ఒకరు పోయారు. ఆ కేసులో తన నిర్లక్ష్యమేనని ఒప్పుకుంటే రెండేళ్ళు జైలు. ఒప్పుకోకుండా విచారణకి వెళ్ళి ఓడిపోతే ఏడేళ్ళ దాకా పడవచ్చు. ఈ బేరానికి ప్రభుత్వం వైపు వాళ్ళు సిద్ధంగా ఉన్నారు. నెలాఖరులోగా ఏ సంగతో చెప్పాలి.

"నేను ఐదే నొక్కాను" అంది కోడలు.

ఈ మాట నాలుగు నెలలుగా వింటున్నాను. మందుని కొలిచి నరంలోకి ఎక్కించే పంపు మీద ఐదు అని నొక్కింది, తెర మీద ఐదు చూసింది, పైకి చదివింది, అప్పుడు స్టార్టు నొక్కింది. ఒకరు నొక్కితే ఇంకొకరు పైకి చదవాలని వాళ్ళ వార్డులో పద్ధతి. ఆ రోజు రెండో నర్సుని వేరే వార్డుకి పంపారు కనుక నొక్కిందీ చదివిందీ తనే. పంపు లోపల మాత్రం యాభై ఐదు అని ఉంది. పెద్దాయన గుండె ఆగిపోయింది.

"మీరు ఐదే నొక్కారని నేను నమ్ముతానమ్మా" అన్నాడు లాయరు. "కానీ మీ వైపు సాక్షి మీరొక్కరే. అటువైపు మిషను ఉంది. మిషను అబద్ధం ఎందుకు చెబుతుందని అడుగుతారు."

ఆ తర్వాత ఇంకా చాలా చెప్పాడు. ఒప్పుకుంటే ఏమేం వదులుకున్నట్టో, పైకోర్టు సంగతి ఏమిటో, ఏవో హక్కుల గురించి. పాప బడి నుంచి వచ్చే వేళ అయిందని నేను లేచి వెళ్ళాను. ముఖ్యమైనది అప్పటికే విన్నాను కదా.

ఫిబ్రవరి 7

పని సాగలేదు. ఒకే ప్యాంటు అంచు రెండుసార్లు కుట్టి రెండుసార్లు విప్పాను.

ఫిబ్రవరి 9

మా వాడు పోయిన దగ్గర నుంచి ఈ ఇంట్లో ముగ్గురం. నేను, కోడలు, పాప. నేను ముందు గదిలో బట్టలు సరిచేస్తాను. కొత్తవి కుట్టను, ఆ ఓపిక ఎప్పుడో పోయింది. లావైన వాళ్ళకి వదులు చేస్తాను, చిక్కిన వాళ్ళకి బిగుతు చేస్తాను, ఎదిగిన పిల్లలకి మడత విప్పి పొడుగు చేస్తాను. కోడలి జీతంతో ఇల్లు గడిచేది, నా సంపాదనతో నా నోరు గడిచేది. ఇప్పుడు తన ఉద్యోగం ఆపేశారు కనుక నా నోరు మరీ పెద్దదైందని ఆ పిల్ల అనుకుంటూ ఉండొచ్చు. అనదు. అనే రకం కాదు. అంటే బాగుండునని నాకు చాలాసార్లు అనిపిస్తుంది, అప్పుడు నేనూ నాలుగు అని ఊరుకునేదాన్ని.

ఇవాళ నేనే కదిలించాను. రెండేళ్ళు అంటే కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోతాయన్నాను. కోడలు గిన్నెలు తుడుస్తూ ఉంది. ఒప్పుకుంటే తను మళ్ళీ నర్సు కాలేనని, ఆ పేరు ఇక చచ్చేదాకా మోయాలని అంది. గొంతు పెంచలేదు.

ముందు బయటపడు, తర్వాత పైకోర్టులో తేల్చుకోవచ్చు అన్నాను.

"తర్వాత అడగనిస్తారా అత్తయ్యా? లాయరు గారు వేరేలా చెప్పారు."

ఎందుకు అడగనివ్వరన్నాను. లాయర్లు అన్నీ చెబుతారు, రేపు ఏదైనా అయితే మాట పడకుండా. నలభై ఏళ్ళుగా చూస్తున్నాను, లోపల కాస్త గుడ్డ వదిలి కుడితే ఎప్పుడైనా విప్పుకోవచ్చు. పెళ్ళికి కుట్టించుకున్న కోటుని కొడుకు పెళ్ళికి వదులు చేయించుకుని వేసుకున్న వాళ్ళున్నారు. లోకంలో విప్పడానికి వీల్లేని కుట్టు నేను ఇంతవరకు చూడలేదు. కోర్టులు మాత్రం మనుషులు పెట్టినవి కావా?

కోడలు తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచింది.

ఫిబ్రవరి 11

కోడలు భోజనం ముట్టలేదు. రెండు పూటలా.

ఫిబ్రవరి 12

మొండి పిల్ల. మా వాడు కూడా అనేవాడు, దీన్ని ఒప్పించడం కన్నా కొండని జరపడం తేలికమ్మా అని. నవ్వుతూ అనేవాడు. ఉంటే వాడే చెప్పేవాడు కదా, ఈ పాపిష్టి పని నా నెత్తిన పడేది కాదు.

విచారణకి వెళతానంటోంది. నిజం చెబితే నమ్మని వాళ్ళుంటారా అంటోంది. ఉంటారు. నా వయసుకి వస్తే తెలుస్తుంది. ఏడేళ్ళంటే నాకు డెబ్బై దాటతాయి, ఈ మోకాళ్ళతో అప్పటికి నేను ఉంటానో ఉండనో. పాపని ఎవరు చూస్తారు? 

ఫిబ్రవరి 13

ఇవాళ పాపని గదిలోకి పిలిచాను. అంతే.

బడి బట్టల్లోనే ఉంది. వాళ్ళమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. గుమ్మంలో నిలబెట్టి లెక్క అడిగాను. నీకిప్పుడు ఎనిమిదేళ్ళు కదా, అమ్మ రెండేళ్ళు ఊరెళితే తిరిగొచ్చేసరికి నీకెన్నేళ్ళు? పది అంది. ఏడేళ్ళు వెళితే? వేళ్ళు ముడిచి లెక్కపెట్టి పదిహేను అంది. పదిహేనేళ్ళ పిల్లకి అమ్మ జ్ఞాపకం ఉంటుందా అని అడిగాను. పాప నా వంకా మంచం వంకా చూసి, ఉంటుందేమో అంది.

పిల్లకి లెక్కలు చెప్పించడంలో తప్పేముంది?

పాపని పంపేశాక కోడలు లేచి కూర్చుంది. మొహం కడుక్కుని వచ్చింది. లాయరుకి ఫోన్ చేయమంది.

నేనేమీ బలవంతం చేయలేదు. తనే చేయమంది.

ఫిబ్రవరి 24

కోర్టు గది నేననుకున్నంత పెద్దది కాదు. గోడకి తెల్లసున్నం, కిటికీలకి దుమ్ము పట్టిన తెరలు, ఒక తెర అంచు ఊడి వేలాడుతోంది. చూపంతా దాని మీదే పడింది నాకు.

ముందే లాయరు చెప్పాడు, జడ్జి గారు వరసగా ప్రశ్నలు వేస్తారు, అన్నిటికీ అవునో తెలుసనో చెప్పాలి, ఒక్కదానికి మాత్రం లేదు అనాలి అని. మిమ్మల్ని ఎవరైనా బలవంతపెట్టారా అన్న దానికి.

జడ్జి మర్యాదగానే అడిగాడు. వయసైన మనిషి, తొందరపెట్టలేదు. నేరం ఏమిటో అర్థమైందా, విచారణ కోరే హక్కు వదులుకుంటున్నారని తెలుసా, మీరు చేశారు కనుకే ఒప్పుకుంటున్నారా. ఆ మూడోదానికి కోడలు నోట మాట రావడానికి కాస్త టైము పట్టింది. వచ్చింది.

ఎవరి బలవంతమైనా ఉందా అన్నాడు. ఎవరి బలవంతమూ లేదంది.

తర్వాత, "ఈ తీర్పు మీద అప్పీలు చేసుకునే హక్కు మీకు ఉండదని తెలుసా?" అన్నాడు.

కోడలు ఆగిపోయింది. వెనక్కి తిరిగి నా వైపు చూసింది. ఆ గదిలో అందరూ ఏ కాగితాల్లోనో తలలు పెట్టుకుని ఉన్నారు. నేను తల ఊపాను. ఏం కాదు చెప్పు, ఇవన్నీ అనిపించే మాటలు, అన్నట్టు ఊపాను.

"తెలుసు" అంది.

పక్క తలుపులోంచి తీసుకెళ్ళారు. వెళ్ళేటప్పుడు తన చేతిసంచి నా చేతికిచ్చి, పాపకి దగ్గు మందు పై అరలో ఉందని చెప్పింది.

ఫిబ్రవరి 25

అమ్మ ట్రైనింగుకి వెళ్ళిందని పాపకి చెప్పాను. నర్సులకి ట్రైనింగులు ఉంటాయి. అబద్ధం అనడానికి ఏముంది.

మార్చి 16

ఆదివారం ఆదివారం చూడ్డానికి వెళుతున్నాను. బస్సు మారాలి. సూది, కత్తెర సంచిలో ఉంటే గేటు దగ్గర తీసేసుకుంటారు. మొదటిసారి తెలియక తీసుకెళ్ళాను, గేటు దగ్గర ఉన్న అమ్మాయి నన్ను హంతకురాలిని చూసినట్టు చూసింది. కోడలు అది విని నవ్వింది. జైలుకి వెళ్ళాక నవ్వడం ఇదే.

లోపల పెద్దావిడ ఒకామెకి కాలి పుండు ఉంటే కట్టు ఎలా కట్టాలో చెప్పబోయిందట. నువ్వు ముట్టుకోకు అన్నారట. నువ్వు మనుషుల్ని చంపి వచ్చినదానివి కదా అన్నారట. ఈ మాట నాకు మామూలుగా చెప్పింది, ఎండ ఎక్కువగా ఉందన్నట్టు.

పాపని తీసుకురానా అన్నాను. వద్దంది.

ఏప్రిల్ 2

పాప బడిలో నాటకం. అమ్మ వస్తుందా అని టీచరు అడిగిందట. ట్రైనింగు అని చెప్పిందట. పిల్ల నా కన్నా గట్టిగా చెబుతోంది ఆ మాట.

ఏప్రిల్ 27

మడతలు విప్పడం, మడతలు కుట్టడం. రాయడానికేం లేదు.

మే 18

కోడలు చిక్కిపోయింది. జైలు జాకెట్టు భుజాల మీంచి జారుతోంది. రెండు టాకాలు వేస్తే సరిపోయేది. అద్దం అవతల ఉన్న మనిషికి టాకాలు ఎలా వేస్తాను.

ఇవాళ ఒక మాటంది. "అత్తయ్యా, ఒక్కోసారి నేనే యాభై ఐదు నొక్కానేమో అనిపిస్తోంది. రోజూ అందరూ అంటూ ఉంటే వేలికి కూడా గుర్తుండదు."

 అటువంటి మాటలు అనకూడదు అన్నాను. ఎందుకనకూడదో మాత్రం చెప్పలేకపోయాను, కోర్టులో అదే మాట అనిపించింది నేనే కదా.

అనిపించలేదు. తనే అంది.

జూన్ 12

వార్డులో కోడలికి పైన ఉండే పెద్ద నర్సు ఇంటికి వచ్చింది, యూనిఫారం పొడుగు తగ్గించాలని. ఆ యూనిఫారం సరిగ్గానే ఉంది. అద్దం ముందు నిలబెట్టి, మోకాలి మీద కూర్చుని గుండుసూదులు గుచ్చుతుంటే, పైనుంచి మాట్లాడడం మొదలుపెట్టింది. మొహం చూడక్కర్లేకుండా చెప్పడానికే వచ్చిందని అప్పుడర్థమైంది.

వేరే ఊళ్ళో ఇంకో ఆసుపత్రి. ఇలాంటి పంపే, ఇలాంటి చావే. ఆ నర్సు కూడా కోడలిలాగే నేను నొక్కింది ఇంతే అని పట్టుబట్టింది. బేరానికి ఒప్పుకోలేదు. విచారణలో ఎవరో ఇంజనీరు పంపు విప్పి చూపించాడట. బటన్లు అరిగిన పంపుల్లో ఒకసారి నొక్కిన అంకె, తెర మీద ఒకటే కనబడినా, లోపల రెండుసార్లు పడుతోందట. ఆ నర్సుని విడిచిపెట్టారు. మళ్ళీ డ్యూటీలో చేరిందట కూడా. వీళ్ళ వార్డుల్లోంచి కూడా ఆ పంపులు మూటగట్టి తీసుకెళ్ళిపోయారు, ఎందుకో ఎవరికీ చెప్పకుండా.

 సూది ఆమె కాలికి గుచ్చుకుంది. 

జూన్ 13

పొద్దున్నే లాయరు ఆఫీసుకి పోయి తలుపు తీసేదాకా మెట్ల మీద కూర్చున్నాను. ఇంకేముంది, అప్పీలు వేసేయండి అన్నాను, ఆయన కుర్చీలో కూర్చోకముందే.

అప్పీలు లేదమ్మా అన్నాడు.

పంపు సంగతి ఆయనకీ తెలిసిందట. తెలిసి కూడా ఎలా మెదలకుండా ఉన్నారు అని అడిగితే, దారి వెతుకుతున్నాను అన్నాడు. నాకర్థమయ్యేలా చెప్పమన్నాను. చెప్పాడు. విచారణ జరిగి శిక్ష పడితే, రుజువులు తప్పుగా చూశారని పైవాళ్ళని అడగొచ్చు. ఇక్కడ రుజువులు ఎవరూ చూడలేదు. నేనే చేశానని మనిషి చెప్పింది, సరేనన్నారు. తప్పుగా చూశారని ఎవరిని అడుగుతాం?

మరి పంపు? ఇప్పుడు బయటపడింది కదా?

"విచారణలో ఓడినవాళ్ళకి కొత్త సాక్ష్యం పనికొస్తుందమ్మా. ఒప్పుకున్నవాళ్ళకి ఆ తలుపు మూసేశారు. అందుకే కదా శిక్ష తగ్గించింది. ఆ రోజు మీ ఇంట్లో ఇదంతా చెప్పాను. మీరు లేచి వెళ్ళారు."

ఉప్పెనలా కోపం వచ్చింది. నలుగురు ఆడవాళ్ళు కూర్చున్న ఆ గదిలో నానా మాటలూ అన్నాను. బట్ట మొత్తం కత్తిరించేశాక కొలత చెబుతారా అన్నాను. ఆయన నోరు మూసుకుని విన్నాడు. మంచివాడే. మంచివాడు కాకపోతే ఇంకాస్త తిట్టి తృప్తిపడేదాన్ని.

చివరికి చెప్పాడు. ఒక్క సందు ఉంది. ఆ ఒప్పుకోలు తన ఇష్టంతో చేసింది కాదని, లేదా ఏం వదులుకుంటోందో తెలియకుండా చేసిందని చూపించగలిగితే, ఒప్పుకోలు కొట్టేసి మళ్ళీ మొదటికి తేవొచ్చు. అప్పుడు పంపుని కోర్టులో పెట్టొచ్చు. పెన్ను తీసి, "ఎవరైనా బలవంతపెట్టారా?" అని అడిగాడు.

ఎవరూ పెట్టలేదన్నాను.

జూన్ 14

ఎనిమిది చొక్కాలకి గుండీలు కుట్టాను.

జూన్ 15

వెళ్ళాను. పంపు సంగతి చెప్పాను.  కోడలు చెయ్యి ఎత్తి తన చూపుడు వేలు చూసుకుంది. చూసుకుని చూసుకుని ఏడ్చింది. ఆ పెద్దాయన పోయినప్పుడు గానీ, మా వాడు పోయినప్పుడు గానీ ఇలా ఏడవలేదు. కాపలా అమ్మాయి కూడా టైమైపోయిందని అనలేకపోయింది.

లాయరు అడిగిన ప్రశ్న మాత్రం తనకి చెప్పలేదు.

జూన్ 19

సలహా చెప్పడం వేరు, బలవంతం వేరు. ఇంటికి పెద్దదాన్ని, చెప్పకపోతే ఎవరు చెబుతారు. తను చదువుకున్న పిల్ల, తన బుర్ర తనకుంది. నేను కాళ్ళు కట్టేశానా? చేతులు విరిచానా?

పాపని పిలిచి లెక్కడిగాను.

జూన్ 20

లాయరు దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. "నేనే" అన్నాను. "ఏమిటి నేనే?" అన్నాడు. రాసుకోమన్నాను.

లెక్క సంగతి చెప్పాను. పైకోర్టులో తేల్చుకోవచ్చని నేను చెప్పానని చెప్పాను. కోర్టులో వెనక్కి తిరిగి చూస్తే తల ఊపానని చెప్పాను. ఆయన రాస్తూ రాస్తూ ఒకచోట ఆగి, మంచినీళ్ళు కావాలా అని అడిగాడు. నీళ్ళు వద్దు, గబగబా రాయి నాయనా అన్నాను.

జూన్ 29

ఈ పిటిషన్ సంగతి కోడలికి లాయరే వెళ్ళి చెప్పాడు. ఇవాళ నేను వెళ్ళేసరికి సంతకం పెట్టేసి ఉంది. మీ మీద మాట వస్తుంది అత్తయ్యా, పాపని మీ దగ్గర ఉంచకూడదని ఎవరైనా అంటే ఏం చేస్తాం అని ఒకటికి నాలుగుసార్లు అడిగింది. అననీ అన్నాను. నా పరువు ఏమంత ఖరీదైనదని, కుట్టు కూలీ కన్నా తక్కువే.

అలా అన్నాను గానీ, బస్సులో దిగాల్సిన చోట దిగలేదు.

ఆగస్టు 8

వాయిదా.

ఆగస్టు 22

మళ్ళీ వాయిదా. పాపకి బూట్లు బిగుతయ్యాయి.

సెప్టెంబర్ 17

ఇవాళ సాక్షిబోనులో నిలబడ్డాను. ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని వెళ్ళాను, పెళ్ళికి వెళ్ళినట్టు. వెళ్ళాక సిగ్గేసింది.

మన లాయరు అడిగినప్పుడు అన్నీ చెప్పాను. ప్రభుత్వం వైపు లాయరు చిన్న అమ్మాయి, కోడలి వయసుంటుంది. గట్టిగా మాట్లాడుతుందేమో, నాలుగు జవాబులు ఇద్దామని నడుం బిగించుకుని ఉన్నాను. ఆమె ఎంతో నెమ్మదిగా అడిగింది.

మీరు ఆమెని గదిలో పెట్టి తాళం వేశారా? లేదన్నాను. కొట్టారా? లేదు. ఇంట్లోంచి పొమ్మన్నారా? లేదు. లాయరుతో మాట్లాడనివ్వలేదా? నేనే ఫోన్ కలిపి ఇచ్చాను. ఆమె అడిగిందనేగా? అవును.

"మరి ఏం చేశారమ్మా?"

"పాపని గుమ్మంలో నిలబెట్టి వయసు లెక్క అడిగాను."

వెనక ఎవరో నవ్వారు. ఆ లాయరు అమ్మాయి నవ్వలేదు. పాప వయసు గురించి మీరు చెప్పిన లెక్క తప్పా అని అడిగింది. ఒప్పే అన్నాను. అది పాప మీద ప్రేమతో చేశారా, కోడలి మీద పగతో చేశారా? ఇద్దరి మీదా ప్రేమతోనే అన్నాను. ఏం చెప్పను మరి, అదే నిజం. నా నోటితోనే నా గొయ్యి తవ్వించింది.

తల ఊపిన సంగతి వచ్చింది. నేను నిలబడ్డ చోటు నుంచి ఆ రోజులాగే ఊపి చూపించాను కూడా. అప్పుడు ఆమె ఆనాటి కోర్టు రికార్డు తీసి చదివింది. అప్పీలు హక్కు ఉండదని తెలుసా అని ప్రశ్న. తెలుసు అని జవాబు. మధ్యలో ఏమీ లేదు. ఆ పిల్ల వెనక్కి తిరిగింది లేదు, నా తల లేదు. నోటితో అన్నవే రికార్డుకి ఎక్కుతాయట. ఆనాడు ఆ గదిలో జరిగినవాటిలో అన్నిటికన్నా పెద్దది ఎవరూ రాసుకోలేదు.

కోడలిని కూడా పిలిచారు. ఎక్కువ మాట్లాడలేదు. పైకోర్టు ఉంటుందని నమ్మాను అంది. ఆనాడు జడ్జి గారు ఉండదని స్పష్టంగా చెప్పాక కూడానా అని అడిగారు. "ఇంట్లో పెద్దవాళ్ళు చెబితే నమ్ముతాం కదండీ" అంది.

అక్టోబర్ 9

పిటిషన్ కొట్టేశారు.

అక్టోబర్ 10

నిన్న రాయలేకపోయాను. లాయరు తీర్పు చదివి వినిపించాడు. పంపు గురించి ఒక్క ముక్క లేదు. ఆ పంపు మంచిదా చెడ్డదా అన్నది ఈ కోర్టు ముందున్న ప్రశ్న కాదట. ముందున్న ప్రశ్న నేనట.

కుటుంబంలో పెద్దావిడ ఆప్యాయతతో, కుటుంబ శ్రేయస్సు కోరి ఇచ్చిన సలహా బలవంతం కిందికి రాదు. జడ్జి ప్రశ్నలు అర్థమయ్యే భాషలోనే అడిగారు. చదువుకున్న మనిషి, వృత్తిలో అనుభవం ఉన్న మనిషి, తెలుసని చెప్పింది. తర్వాత పరిస్థితులు మారినంత మాత్రాన ఒప్పుకోలు చెల్లకుండా పోదు. ఇలాంటివి తిరగదోడుతూ పోతే ఏ ఒప్పందానికీ విలువ ఉండదు.

ఆప్యాయతట. ఆ మాట దగ్గర ఆపి మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ చదివాడు.

ఇంతమంది పెద్దమనుషులు కూర్చుని నాలో ఏ తప్పూ లేదని తేల్చారు. నాలో తప్పు లేకపోవడం వల్ల కోడలు ఇంకా ఏడాది పైన లోపల ఉంటుంది. బయటికి వచ్చాక కూడా నేరస్తురాలే, చచ్చేదాకా. దీని మీద పైకి వెళ్ళొచ్చా అని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనకి ఆ కోటు ఇంకా వదులుగానే ఉంది.

వేరే ఊరి నర్సు గుర్తొచ్చింది. ఆవిడకి అత్త లేదేమో.

అక్టోబర్ 12

ఆదివారం. వెళ్ళలేదు. మోకాళ్ళు నొప్పి.

మోకాళ్ళు రోజూ నొప్పే. మొహం చెల్లలేదు.

అక్టోబర్ 19

వెళ్ళాను. ఏం తిట్టినా పడదామని గట్టిగా అనుకుని వెళ్ళాను. కోడలు ముందు నా మోకాళ్ళ గురించి అడిగింది. వాపు ఉందా, వేడి ఉందా, ఏ మందు వేసుకుంటున్నారు. ఆ మందు ఖాళీ కడుపున వేసుకోవద్దంది. ఇక నర్సు కాదని తేల్చేసిన మనిషి.

నేనే ఎత్తాను. కోర్టు అలా అనేసింది కదమ్మా అన్నాను. ఏదో ఒకటి అను, తిట్టు అన్నాను.

"కోర్టు ఏమన్నా, మీరు బలవంతపెట్టారు అత్తయ్యా" అంది. "మిమ్మల్ని తిట్టడానికి కాదు. ఎవరో ఒకరు అనాలి కదా. లేకపోతే నాకే మతి చెడింది అనుకుంటాను, వేలి సంగతిలాగే."

అవునమ్మా అన్నాను. 

తర్వాత పాపని తీసుకురమ్మంది. ట్రైనింగు కథ చాలు, నిజం చెప్పి తీసుకురండి అంది. అమ్మ తప్పు చేయలేదని, అయినా చేశానని కోర్టులో ఒప్పుకుందని చెప్పమంది. అలా చెబితే ఎందుకు ఒప్పుకుందని అడుగుతుంది కదా అన్నాను.

"అడుగుతుంది. దాని కోసం అని మాత్రం చెప్పకండి. అది పిల్ల మీద పడకూడదు. ఇంకేదైనా చెప్పండి."

బస్సులో దారంతా వెతికాను. ఇంకేదైనా అంటే ఏముంది? ఆ పిల్లని తీసేస్తే మిగిలేది నేనొక్కదాన్నే.

అక్టోబర్ 22

చెబుదామనుకున్నాను. పాపకి పరీక్షలు.

అక్టోబర్ 28

పరీక్షలైపోయాయి. జలుబు చేసింది. నాకు.

నవంబర్ 1

ఇవాళ చెప్పాను. బడి లేదు. పాప కట్టింగు బల్ల కింద కూర్చుని పీలికలు రంగుల వారీగా వేరు చేస్తోంది. మిషను ఆపేసి కిందికి వంగి చెప్పాను. అమ్మ ట్రైనింగులో లేదు, జైల్లో ఉంది అన్నాను.

తెలుసు అంది. బడిలో ఎప్పుడో చెప్పారట. నేను బాధపడతానని తెలియనట్టు ఉందట.

అమ్మ తప్పు చేయలేదని, మందు పంపు చెడిపోయిందని చెప్పాను. అయితే ఎందుకు జైల్లో పెట్టారంది. చేశానని ఒప్పుకుంది అన్నాను. చేయనిది ఎందుకు ఒప్పుకుంది అంది.

"నేను ఒప్పించాను."

పాప చేతిలో నీలం పీలిక ఉంది. అది పక్కన పెట్టింది.

"అయితే నువ్వే వెళ్ళి జడ్జికి చెప్పు నానమ్మా, నేనే ఒప్పించానని."

చెప్పానమ్మా, వెళ్ళి నిలబడి అంతా చెప్పాను అన్నాను. మరి ఏమన్నారంది. నేను చేసింది తప్పు కాదన్నారని చెప్పాను.  వాళ్ళకి సరిగ్గా చెప్పలేదేమో, ఇంకోసారి వెళ్ళి చెప్పమంది. ఇంకోసారి వెళ్ళనివ్వరన్నాను. ఎందుకని అడిగింది. జూన్‌లో లాయరు చెప్పినదంతా ఎనిమిదేళ్ళ పిల్లకి చెప్పబోయాను. సగంలో లేచి వెళ్ళిపోయింది.

నవంబర్ 2

పాపని తీసుకెళ్ళాలి, బస్సుకి టైమవుతోంది. దువ్వెన పట్టుకుని పిలిచాను. జడ తనే వేసుకుంటానంది. అద్దం ముందు నిలబడి ఎంతో సేపు వేసుకుంది. పాపిట వంకరగా వచ్చింది, ఒక జడ లావు, ఒకటి సన్నం. వాళ్ళమ్మ ఇన్ని నెలల తర్వాత చూడబోతోంది కదా అని సరిచేయబోయాను. తల పక్కకి తీసుకుంది.

అలాగే తీసుకెళ్ళాను.